శుక్రవారం నేర్పిన గుర్తులు

ఆ ఏడాది మే నెలలో నాకు ఒక ఉత్తరం వచ్చింది, ఒక కల వచ్చింది. ఉత్తరం నిజంగానే వచ్చింది. కల సంగతి చెప్పాలంటే ఆ వేసవంతా చెప్పాలి.

ఉత్తరం గ్లాస్గోలో ఒక ఆసుపత్రి నుంచి. అక్టోబరు ఒకటో తారీఖున వచ్చి నర్సు శిక్షణలో చేరమన్నారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. పోస్టు సైకిలు వచ్చినప్పుడు ఇంటి ముందు నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి ఆ సంగతి ఇంకో ప్రాణికి తెలియలేదు. చదివి, మడిచి, మేజోడులో దోపుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లి బంగాళాదుంపలు కడిగాను.

ఎందుకు దాచానంటే, అంతకు పది రోజుల ముందే మా అన్నయ్య టార్మడ్ తిమింగలాల వేట ఓడకు పేరు ఇచ్చి వచ్చాడు. ఆగస్టులో బయల్దేరితే దక్షిణాన మంచు సముద్రాల్లో ఏడాదిన్నర ఉండాలి. నాన్న యుద్ధంలో సముద్రం పాలయ్యాడు. అమ్మకు మోకాళ్లు పట్టేసి గోడ ఆసరా లేనిదే లేవలేదు. ఒక ఆవు, పద్నాలుగు గొర్రెలు, కొట్టంలో ఒక మగ్గం. ఇద్దరిలో ఒకరు వెళ్లొచ్చు, ఒకరు ఉండాలి. ఎవరు ఉండాలో ఎవరూ అడగలేదు. అది అడగాల్సిన విషయమని ఎవరికీ తట్టలేదు. అన్నయ్య మగాడు, వెళ్తాడు. నేను ఆడపిల్లని, ఉంటాను. మా లూయిస్ దీవిలో అలా ఉండిపోయిన ఆడవాళ్లు ఊరికి ముగ్గురు నలుగురు ఉండేవాళ్లు. తల్లిని సాగనంపేసరికి జుట్టు నెరిసేది, ఆ తర్వాత ఆవే దిక్కు. వాళ్లని దారిలో చూస్తే నాకు ఊపిరి ఆడేది కాదు.

మాకు కట్టెల్లేవు. చలికాలం పొయ్యిలోకి బీడు నేలలో మండే నల్లమట్టిని పెళ్లలుగా కోసి, ఆరబెట్టి, ఇంటికి చేర్చుకోవాలి. మే నెలంతా ఊరు ఊరే బీడు మీద ఉంటుంది. అన్నయ్య కోస్తుంటే నేను పెళ్లలు అందుకుని గట్టు మీదకి విసిరేదాన్ని.

"ఏమే ఎఫీ, మట్టి విసురుతున్నావా, నా మీద కసి తీర్చుకుంటున్నావా?" అన్నాడు.

"వచ్చే ఏడు ఇది కోసేదెవరా అని చూస్తున్నాను."

"ఈవర్ కోసిపెడతాడులే. వాడికేం పని, పెళ్లాం చుట్టూ తిరగడం తప్ప!"

ఈవర్ అన్నయ్య స్నేహితుడు, మా ఎదురిల్లు. కిందటి శీతాకాలమే పెళ్లయింది. పక్క గట్టు మీదే ఉన్నాడు. "ఒరేయ్, ఆ ఓడలో నాకు చోటు దొరికి ఉంటే నీకన్నా ముందు నేనే ఎక్కేవాణ్ణి. బిడ్డ వచ్చేలోగా ఇంటికి కొత్త కప్పు వెయ్యాలి" అని అరిచాడు.

అతని భార్య గోర్మల్ తడి మట్టిపెళ్ల ఒకటి తీసి అతని వీపున కొట్టింది. "వెళ్లు, వెళ్లు. తిమింగలాలైనా నీ వాగుడు వింటాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిక్క మీద ఉత్తరం గరగరలాడుతూనే ఉంది.

కల ఆ రాత్రే వచ్చింది. వచ్చిన కల ఇంతే. అన్నయ్య తడి జుట్టుతో మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రానివ్వమని అడగడు, ఏమీ అనడు, ఊరికే నిలబడతాడు. పొద్దున ఓట్స్ రొట్టె కాల్చేలోపు మరిచిపోవాల్సిన కల. నేను మరిచిపోనివ్వలేదు. దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఇక్కడ మా శుక్రవారాల గురించి చెప్పాలి. మా సంఘంలో ప్రభు భోజనం ఏడాదికి రెండుసార్లే. అదొక పూట ఆరాధన కాదు, గురువారం నుంచి సోమవారం దాకా అయిదు రోజులు. అందులో శుక్రవారం పాస్టరు గారి నోరు మూయించే రోజు. ఆ రోజు మాట్లాడేది మామూలు మనుషులు, పడవల వాళ్లు, నేతగాళ్లు. ఒక పెద్దాయన లేచి ప్రశ్న వేస్తాడు. నిజమైన పశ్చాత్తాపానికీ దొంగ పశ్చాత్తాపానికీ తేడా ఏమిటి, దేవుడి స్వరానికీ మన కోరిక గొంతుకీ తేడా ఎలా తెలుస్తుంది, ఇలాంటివి. తర్వాత పేరు పెట్టి పిలిస్తే ఒక్కొక్కరూ లేచి తమ బతుకులోంచి గుర్తులు చెప్పాలి. ఆడవాళ్లకు మాట లేదు. మేం వెనక బల్లల మీద కూర్చుని వినాలి.

నేను అయిదేళ్ల వయసు నుంచీ విన్నాను. మాట్లాడనివ్వని వాళ్లు ఎంత బాగా వింటారో ఆ పెద్దలకు తెలియదు. చూపు పోయిన ఒక పడవ మనిషి ఒక ఏడు అన్నాడు, దేవుడు పంపిన కల మనిషిని ఎప్పుడూ పొగడదు, గద్దిస్తుంది అని. ఆయనకు జవాబుగా ఇంకొకాయన లేచి, అది ఒట్టి చేతులతో రాదు, వాక్యాన్ని వెంటబెట్టుకుని వస్తుంది అన్నాడు. ఊరంతా చెప్పుకు తిరిగేవాడి కల వాడి పొట్టలో అజీర్తి, నిజంగా వచ్చినవాడికి దాన్ని చెప్పాలంటేనే భయంగా ఉంటుంది అన్నది మా పెద్ద ఫిన్లే. ఈ ఫిన్లేయే గోర్మల్ తండ్రి, సంఘంలో అందరికన్నా పెద్ద తలకాయ. అన్నిటికన్నా గట్టి గుర్తు కూడా ఆయన చెప్పిందే. చెప్పినవాడికి ఆ కల వల్ల చిల్లిగవ్వంత లాభం ఉండకూడదు.

దొంగ నాణెం ఎలా పట్టుకోవాలో అన్నేళ్లపాటు ఒక పిల్లకు నేర్పితే, ఆ పిల్లకు నాణెం తయారు చెయ్యడం కూడా వస్తుంది.

నా కలలో అన్నయ్యని గుమ్మంలోంచి తీసి నీళ్లలో పడేశాను, ఒడ్డు మీద నాన్నని చేర్చాను. నాన్న అన్నయ్య వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. అది గద్దింపు. బైబిల్లో యోనా ప్రవక్త దేవుడి మాట తోసేసి ఓడెక్కి పారిపోయి, లోతు నీళ్లలో మొరపెట్టుకున్న చోటు నుంచి ఒక వాక్యం తీసి ఎవరో పలికినట్టు పెట్టాను. అది వాక్యం. ఆ తర్వాత మూడు వారాలు నోరు మూసుకుని, తిండి తగ్గించి, అన్నయ్యని చూసి కళ్లు తిప్పుకుంటూ తిరిగాను. అది భయం. నాలుగో గుర్తును కాదనే కాగితం మేజోడులో ఉంది.

జూన్ మధ్యలో అమ్మ అడగనే అడిగింది. ఉప్పు చేప ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా.

"ఏమైందే నీకు? కడుపులో నొప్పా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే తిను."

రెండోసారి అడిగింది, చెప్పలేదు. మూడోసారి అడిగినప్పుడు ఏడుస్తూ చెప్పాను. ఏడుపు కష్టపడి తెచ్చుకున్నది కాదు. అమ్మ ముఖం చూస్తే దానంతట అదే వచ్చింది. అమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. నాన్న నిజంగా వీపు తిప్పాడా అని రెండుసార్లు అడిగింది. తిప్పాడన్నాను. ఆ ఒక్కటి ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. అమ్మ ఆ మనిషి ముఖం కోసం పన్నెండేళ్లుగా కలల్లో వెతుక్కుంటోంది.

"కలా గిలా! నేను సంతకం పెట్టాను" అన్నాడు అన్నయ్య. "ఇది దేవుడి మాటని పెద్దలు అంటే ఆగుతాను. ఎఫీ పడుకునే ముందు తిన్న జున్ను మాటకు ఆగను."

అలా ఆ నెలాఖరున ప్రభు భోజనం వచ్చినప్పుడు, శనివారం మధ్యాహ్నం, గుడి వెనక గదిలో నన్ను పెద్దల ముందు కూర్చోబెట్టారు. బల్లకు అటువైపు ముగ్గురు పెద్దలు, పాస్టరు గారు. ఇటువైపు నేను, అమ్మ, అన్నయ్య. పాస్టరు గారు సముద్రం అవతలి పట్నాల నుంచి కొత్తగా వచ్చిన కుర్ర మనిషి. ఆయనకు ఇదంతా చిరాగ్గా ఉంది.

"గ్రంథం మన చేతిలో ఉండగా కలల వెంట పడటం దేనికి, ఫిన్లే?"

"మనం వెంట పడలేదు పాస్టరు గారూ, అదే మన గుమ్మంలోకి వచ్చింది" అన్నాడు ఫిన్లే. "ఎవరు పంపారని అడగడం మర్యాద కదా."

నన్ను అడిగాడు. గొంతు పెంచలేదు. ఆయనది గొర్రె పిల్లను పట్టుకున్నంత మెత్తని గొంతు, అందుకే భయం.

"ఎన్నాళ్లు దాచావు తల్లీ?"

"మూడు వారాలు, పెద్దయ్యా."

"ఎందుకు?"

"అన్నయ్యకు వెళ్లాలని ఎంతుందో నాకు తెలుసు. నా నోటితో ఆపడం ఇష్టం లేక."

"ఆ వాక్యం నువ్వు అంతకుముందు ఎప్పుడు చదివావు?"

"ఎప్పుడో. గుర్తు లేదు."

ఆయన ఇద్దరు పెద్దల వైపు చూశాడు. వాళ్లు తలలు ఊపారు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, అన్నిటికన్నా చివర అడగాల్సింది అడిగాడు.

"దీనివల్ల నీకేమైనా ఒరుగుతుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఇంట్లో ఏ మూల పెట్టినా అమ్మ చేతికి దొరుకుతుందని ఉత్తరం ఇంకా మేజోడులోనే ఉంది. నెల్లాళ్ల చెమటకు బట్టలా మెత్తబడింది.

"లేదు, పెద్దయ్యా" అన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది దేవుడిదేనని నేను అనను. అనడానికి నేనెవరిని? కానీ కాదనడానికి నాకు ఒక్క గుర్తూ దొరకలేదు. టార్మడ్, ఆ పైన నీ ఇష్టం. నేనైతే ఎక్కను."

పాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

అన్నయ్య వారం రోజులు మాట్లాడలేదు. కొట్టంలో మగ్గం మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా టకటకా కొట్టుకునేది. ఓడ కంపెనీకి రాసిన ఉత్తరం నా చేతికే ఇచ్చి పోస్టు చెయ్యమన్నాడు. గేటు దాకా వెళ్లాక వెనక్కి పిలిచాడు.

"ఇదిగో ఎఫీ, నీ మీద కోపం లేదు. నువ్వేం చేస్తావు, వచ్చింది చెప్పావు."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. అన్నయ్య దిగితే ఆ చోటు ఖాళీ అవుతుందని నాకు తట్టలేదు. ఫిన్లేకి తట్టింది. ఆయనే కంపెనీకి రాసి అల్లుడి పేరు పెట్టించాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఆ గద్దింపు టార్మడ్‌కి, విధవ తల్లిని వదిలిపోతున్నందుకు. ఈవర్‌కి తల్లి లేదు, భార్యను చూసుకోవడానికి మామ ఉన్నాడు, అతనికి ఏ అడ్డమూ లేదు. సంఘంలో అందరూ ఔనన్నారు. నేను రెండుసార్లు ఫిన్లే ఇంటి దాకా వెళ్లి, పొగగొట్టం చూసి వెనక్కి వచ్చాను. ఏం చెబుతాను? ఓడ మంచిదే, సముద్రం మామూలుదే, ఏటా వందమంది వెళ్లి వస్తున్నారు. ఎవరికీ ఏమీ కాదని నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ కల నేను కుట్టిందే.

ఆగస్టు మొదటి వారంలో ఈవర్ బస్సెక్కాడు. ఊరంతా రోడ్డు మీదకి వచ్చింది. అతను సంచి భుజాన వేసుకుని నా దగ్గర ఆగాడు.

"ఏం ఎఫీ, నా మీద కలేమైనా వచ్చిందా? మంచిదైతే నాకు చెప్పు. చెడ్డదైతే మా మామకి చెప్పు, ఆయన పరీక్ష పెట్టి తిప్పి పంపుతాడు."

గోర్మల్ అతని నెత్తిన మొట్టింది. "బస్సు పోతోంది, పద."

"ఏమీ రాలేదు" అన్నాను.

ఆ వేసవిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆగస్టు చివర్లో ఉత్తరం అప్పుడే వచ్చినట్టు తెచ్చి అమ్మకు చూపించాను. మెత్తబడిన మడతలు చూసి ఆమె ఏమీ అనుమానించలేదు. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. "టార్మడ్ ఉంటాడుగా, వెళ్లిరా" అంది. అంత తేలిక! మూడు నెలలు నేను కష్టపడింది ఈ ఒక్క మాట కోసం. అన్నయ్య నాకోసం ఒక రేకు పెట్టె కొనుక్కొచ్చాడు. దాని తాళం బిగువుగా ఉంటే నూనె వేసి తిప్పి తిప్పి వదులు చేశాడు.

సెప్టెంబరు పదిహేను, బుధవారం. నేనూ అన్నయ్యా ఇంటి పక్కన మట్టిపెళ్లలు కుప్పగా పేరుస్తున్నాం. పైన రోడ్డు మీద ఫిన్లే నడిచి వస్తున్నాడు. నల్లకోటు వేసుకున్నాడు. బుధవారం నాడు నల్లకోటు! పోస్టాఫీసుకు చావు కబురుతో టెలిగ్రాం వస్తే పోస్టమ్మ ముందు సంఘ పెద్దకు కబురు పెడుతుంది, ఆయన కోటు వేసుకుని ఆ ఇంటికి తీసుకెళ్తాడు. ఊళ్లో పనులన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరికి వాళ్లు ఆయన తమ గేటు దాటిపోవాలని చూస్తున్నారు.

మా గేటు దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు. అన్నయ్యను చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లాడు. తన కూతురి తలుపు తట్టాడు. అంతకుముందు ఆయన ఆ తలుపు తట్టి ఎరగడు, నేరుగా తోసుకుని పోయేవాడు.

ఈవర్ ఒక్క తిమింగలాన్నీ చూడలేదు. దారిలోనే, గాలివానలో, ఒక అల డెక్కు మీద నుంచి తుడుచుకుపోయిందట. అన్నయ్య నిలబడాల్సిన చోట ఈవర్ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం నుంచి నేను మనిషిని కాకుండా పోయాను. కల నిజమైందని మా ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. ఏడు మైళ్లు నడిచి ఒకావిడ వచ్చింది, క్షయ ఆసుపత్రిలో ఉన్న కొడుకు గురించి నాకేమైనా తెలుస్తుందా అని. నాకేం తెలియదమ్మా అంటే, "తెలిసినా చెప్పరులే, మీకు భయం" అని, నా చెయ్యి ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది. భయం కూడా ఒక గుర్తేనని శుక్రవారాలు ఆవిడకూ నేర్పాయి. ఏది కాదన్నా ఔననే వినపడేది. నేను అల్లిన వల అంత బాగా కుదిరింది.

గ్లాస్గో ప్రయాణం ఎత్తితే అమ్మ నిర్ఘాంతపోయింది. "దేవుడు ఒక ఇంట్లో దీపం పెడితే, దాన్ని పట్నానికి మోసుకుపోతారటే?"

అన్నయ్య ఇంకోలా మారాడు. తాగుడు మానేశాడు, మగ్గం ముందు కూర్చునే కీర్తనలు పాడుకునేవాడు. వచ్చే ప్రభు భోజనంలో రొట్టె తీసుకునేవాళ్లలో తన పేరు కూడా ఇస్తానన్నాడు. "నన్ను ఎందుకు మిగిల్చాడో తెలుసుకోవాలి ఎఫీ. ఊరికే మిగల్చడు కదా?" అన్నాడు నా కళ్లలోకి చూస్తూ. ఆ చూపు చూశాక నిజం ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేకపోయాను. రేకు పెట్టె మంచం కిందకి తోశాను. అక్టోబరు ఒకటి రానే వచ్చింది, పోనే పోయింది. ఇంట్లో గాలి చాలడం లేదని రోజంతా ఆవు కొట్టంలోనే గడిపేదాన్ని. అక్కడా జనం వచ్చేవాళ్లు.

చివరికి ఉత్తరం పట్టుకుని ఫిన్లే దగ్గరికి వెళ్లాను. ఆయన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. నెల రోజుల్లో మెడ సన్నబడి, చొక్కా కాలరు వదులైపోయింది.

"పెద్దయ్యా, తారీఖు చూడండి. మే పద్నాలుగు. మీరు అడిగిన రోజు ఇది నా మేజోడులో ఉంది. నాకు లాభం ఉంది. కల నేను అల్లాను."

ఆయన కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, చివరి దాకా చదివాడు.

"అంతా అల్లావా?"

"అన్నయ్య తడి జుట్టుతో గుమ్మంలో ఉన్నాడు. అంతవరకే వచ్చింది. నీళ్లు, నాన్న, వాక్యం, అన్నీ నావే. కూర్చుని మేజోడు అల్లినట్టు అల్లాను."

"దారం ఎవరిచ్చారు నీకు?"

ఆయన కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

"యేసుని చంపించిన యాజకుడు కయప అబద్ధికుడు" అన్నాడు ఫిన్లే నెమ్మదిగా. "అంతకన్నా పాపాత్ముడు. అయినా తానేం అంటున్నాడో తనకే తెలియకుండా ప్రవచించాడు. దేవుడు నోరు ఎంచుకోడు తల్లీ. నువ్వు పాపం చేశావు, దానికి ఏడు. కానీ నువ్వు అబద్ధమనుకుని చెప్పింది నిజమైంది. అది ఇక నీది కాదు."

"అది నిజం కాలేదు పెద్దయ్యా! ఈవర్ పోయాడు. కలలో ఈవర్ లేడు."

ఆయన మళ్లీ ఉత్తరం మీద తారీఖు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ కల అబద్ధమైతే, అల్లుడికి ఆ చోటు ఇప్పించింది ఎవరు? నా గుర్తులన్నీ సరి చూసి ముద్ర వేసింది ఎవరు? ఆయనకు ఆ కల నాకన్నా ఎక్కువ కావాలి.

ఆయన ఉత్తరాన్ని మడిచి పొయ్యిలో పెట్టాడు. మెత్తబడిన కాగితం కదా, వెంటనే అంటుకోలేదు.

"ఎవరితోనూ అనకు. టార్మడ్‌తో అసలు అనకు. వాడు ఇప్పుడిప్పుడే మోకాళ్ల మీదకి వచ్చాడు."

బయటికి వచ్చాక నా దగ్గర నిజానికి రుజువు కూడా లేకుండా పోయింది.

అక్టోబరు ఆఖరున ఒక మధ్యాహ్నం, చినుకులు పడుతుండగా, గోర్మల్ మా ఆవు కొట్టంలోకి వచ్చింది. టెలిగ్రాం వచ్చినప్పటి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. నెలలు నిండుతున్నాయి. పాలపీట నేను ఖాళీ చేసి ఇస్తే, గోడ పట్టుకుని దాని మీద కూర్చుంది. ఆమె కూడా అడగడానికే వచ్చిందనుకున్నాను.

"ఒక్క మాట చెప్పు ఎఫీ. నీళ్లలో ఉన్న మనిషి మొహం చూశావా? టార్మడ్ అని చూసి చెప్పావా, మీ అన్నే అయి ఉంటాడని నువ్వు అనుకున్నావా?"

ఇన్నాళ్లూ అందరూ నన్ను ఏం చూశావని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అన్నయ్య మొహమే చూశానంటే, ఈవర్ గురించి ఎవరికీ ముందుగా తెలియదని ఆమె ఊరట పడొచ్చు. సరిగా కనపడలేదంటే, దేవుడు అతని గురించే చెప్పాడని, మేమే పోల్చుకోలేకపోయామని అనుకోవచ్చు. రెండూ దయగల అబద్ధాలే. నాకు అవి బాగా చేతనవును.

"ఏమీ చూడలేదక్కా" అన్నాను. "నీళ్లే లేవు. అన్నయ్య తడి జుట్టుతో మా గుమ్మంలో నిలబడ్డట్టు వచ్చింది, అంతే. మిగతాదంతా నేను కల్పించాను. వాడు ఆగిపోతే నేను గ్లాస్గో పోవచ్చని."

ఆవు నెమరు వేస్తోంది. గోర్మల్ నన్ను చూడలేదు, దాన్నే చూస్తూ కూర్చుంది.

"నాన్నకు తెలుసా?"

"చెప్పాను. దేవుడే నా చేత అబద్ధం ఆడించాడన్నారు."

ఆమె నవ్వినట్టు ఒక చప్పుడు చేసింది. "అంటారు. ఆయన అలాగే అనాలి."

పీట మీద సర్దుకుని మళ్లీ అంది. "అయితే మీ ఇంటికి ఎవరూ రాలేదన్నమాట."

"రాలేదు."

"మీ తలుపు తట్టి, మా తలుపు దాటి పోలేదు."

"లేదక్కా."

"ఆరు వారాలు" అంది గోర్మల్. "ఆరు వారాల నుంచి అదే మాట నన్ను తినేస్తోంది. ఎదురిల్లే కదా, పది అడుగులే కదా, మీ అన్నకు చెప్పినవాడు మా ఆయనకు ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? మేమేం పాపం చేశాం? నాన్న ప్రార్థన మొదలుపెడితే నేను బయటికి పోయేదాన్ని. పుట్టబోయే బిడ్డకు దేవుడి పేరు చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెబుతున్నావు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదని."

"నన్ను నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను. దేవుడు ఇంత నీచంగా ఉండడు. నువ్వు ఉంటావు."

నాకు ఏడుపు రాలేదు. మొట్టమొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది, అంతే. సిగ్గు లేదా అంటే ఉంది, అయినా వెళ్లింది.

"మా ఆయన్ని పంపింది నువ్వు. నువ్వు, మా నాన్న" అంది ఆమె మామూలు గొంతుతో. "నీ మీద కోపం పెట్టుకుని నేను బతకగలను. దేవుడి మీద పెట్టుకుని బతకలేకపోయాను. నిన్ను క్షమిస్తానని మాత్రం అనుకోకు."

"అనుకోను."

"ఆ ఆసుపత్రికి మళ్లీ రాయి. రానిస్తే పో, రానివ్వకపోతే ఇంకెక్కడికైనా పో. మీ అమ్మకు టార్మడ్ ఉన్నాడు. రోజూ పొద్దున తలుపు తీస్తే ఎదురుగా నువ్వు కనపడుతుంటే నేను ఈ బిడ్డను కనలేను."

సరేనన్నాను. ఆమె లేవబోయింది, బరువుకి లేవలేకపోయింది. పాలపీట మరీ కిందకి ఉంది. రెండోసారీ ప్రయత్నించి, కాసేపు నేలవైపు చూసి, నాకేసి చెయ్యి చాచింది. పట్టుకుని లేపాను. నిలదొక్కుకునే దాకా నా చెయ్యి గట్టిగానే పట్టుకుంది. నిలబడ్డాక వదిలేసి, అరచెయ్యి పావడాకు రెండువైపులా తుడుచుకుని, వానలోకి వెళ్లిపోయింది.